జగ్గమ్మ కేకకు ఆపరేషన్

జగ్గమ్మ కేక వినడానికి ఆ ఊళ్ళో ఎవరూ చెవి ఒగ్గనక్కరలేదు. కొత్తవలస నుంచి ఆటోలో పావుగంట పోతే వచ్చే ఊరు అది. పక్కనే కిరండోల్ రైలు పట్టాలు. వరినాట్లు పడే ఉడుపుల రోజుల్లో తెల్లవారుతుండగా వీధి మొగలో నిలబడి ఆమె "ఓలమ్మలాలా, లెగండే!" అని అందుకుంటే, ఇనుపరాయి మోసుకుపోయే గూడ్సు బండి కూడా కాసేపు చిన్నబోయేది. పది నిమిషాల్లో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు చీరలు పైకి దోపుకుని బయటికి వచ్చేవాళ్ళు. వరినాట్ల జట్టుకు ఆమె మేస్త్రీ. యాభై మూడేళ్ళ మనిషి, అందులో పద్దెనిమిదేళ్ళు మేస్త్రీగా.

మేస్త్రీ పని అంటే సగం నడుముతో, సగం గొంతుతో చేసే పని. గట్టు మీద నిలబడి, ఐదు మడుల అవతల వంగి ఉన్న మనిషికి నారు ఎక్కడ పలచబడిందో, ఎక్కడ లోతుకు దిగిందో చెప్పాలి. రైతులు జగ్గమ్మ జట్టునే కోరుకునేది అందుకే; వరస తప్పదు. ఫోన్ ఉండగా ఈ అరుపులెందుకని కోడలు అడిగితే ఆమె జవాబు సిద్ధంగా ఉండేది.

"పోనెత్తాలంటే బురద సెయ్యి కడుక్కోవాల. నా కేక ఇనడానికి సెయ్యి కడగాలేటి?"

ఆ కోడలు దుర్గాభవాని. విజయనగరంలో బీయస్సీ చదివి, ఆరేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన వారానికే అత్త నోట్లో అడ్డచుట్ట చూసి అదిరిపోయింది. నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం ఉత్తరాంధ్ర పొలాల్లో ఆడవాళ్ళకు తరాల అలవాటు. వానకు ఆరదు, గాలికి నిప్పు రవ్వలు ఎగరవు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పని తెలిసినవాళ్ళు కనిపెట్టిన పద్ధతే, కాదనలేం. అంగుడి కాలిపోవడం ఒక్కటే దాని లోపం. భవాని సిగరెట్టు పెట్టె మీది నోటి క్యాన్సర్ బొమ్మను కత్తిరించి వంటింటి గోడకు అంటించింది. జగ్గమ్మ దాని మీద క్యాలెండరు తగిలించింది. భవాని చుట్టలు పారేసింది. జగ్గమ్మ తవుడు డబ్బాలో దాచింది. ఇలా ఆరేళ్ళు. ఆ ఇంట్లో ఇద్దరికీ అదొక వినోదం కూడా అయిపోయింది.

ఇలాంటి రోజుల్లో జగ్గమ్మ మెడలో గడ్డ పుట్టింది. మొదట వక్కంత. నొప్పి లేదు, సలపరం లేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. భయపడి దాచిందని రాస్తే బాగుంటుంది గానీ నిజం అది కాదు. గొంతులో గడ్డ అంటే చుట్ట వల్లే అని ఇంట్లో తీర్మానం అయిపోతుంది, ఆరేళ్ళ యుద్ధంలో కోడలు ఒక్క రోజులో గెలిచేస్తుంది. ఆ గెలుపు చూడలేక ఆమె ఏడాదిన్నర పాటు పైటకొంగు మెడకు చుట్టుకుని తిరిగింది. వక్క ఉసిరికాయ అయింది.

బయటపెట్టింది ఒక నగ. మాఘమాసంలో అన్న కూతురి పెళ్ళికి బయల్దేరుతూ పట్టెడ పెట్టుకోబోయింది. మెడకు అతుక్కుని ఉండే బంగారు పట్టీ అది. భవాని వెనక నిలబడి కొక్కెం వేయబోతే అందలేదు.

"అత్తా, ఇదేటి పట్టడం లేదు?"

"నగ సిన్నదైపోనాది."

"బంగారం కుంచించుకుపోద్దా? ఏదీ, ఇటు తిరుగు. గుటక మింగు."

"ఎందుకే?"

"మింగు అత్తా."

మింగక తప్పలేదు. గడ్డ పైకి వెళ్ళి కిందికి దిగింది. అరుగు మీద పంచె సర్దుకుంటున్న భర్త అప్పలసూరి నోరు తెరిచాడు.

"ఒసే, అదేటే ఎలకపిల్లలాగ ఎగురుతన్నాది?"

"ఎన్నాళ్ళబట్టి ఉంది?" అంది భవాని.

"మొన్నే."

"మొన్నంటే?"

"మొన్నంటే... నిరుడు కాదు, ముందటేడు ఉడుపులప్పుడు."

పెళ్ళికి పట్టెడ లేకుండానే వెళ్ళారు. విందు అయ్యేలోగా బంధువులంతా తీర్పు చెప్పేశారు: చుట్ట. ఒకామె మాత్రం అమ్మవారికి బాకీపడ్డ మొక్కు అంది. జగ్గమ్మ ఆమెను ఒక్క మాటతో కూర్చోబెట్టింది. "అమ్మోరికి కోపమొస్తే నా మెడే దొరికిందేటి? నీ నోరు కనబళ్ళేదా?"

విజయనగరంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్కాన్ చేశారు, సన్నటి సూదితో గడ్డలోంచి చుక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టర్ విశాలి ముందు ముగ్గురూ కూర్చున్నారు. విశాలి మెడ శస్త్రచికిత్సల నిపుణురాలు. విజయనగరంలోనే తరతరాలుగా వీణ నేర్పే కుటుంబంలో పుట్టింది. "నా గొంతు పాటకు పనికిరాదని మా ఇంట్లో తేల్చేశారమ్మా. అందుకని మీ గొంతుల మీద పడ్డాను" అని తనే నవ్వింది. ఆ తర్వాత నవ్వకుండా, తిప్పకుండా చెప్పింది: క్యాన్సర్. థైరాయిడ్ గ్రంథికి వచ్చింది. రకం పాపిల్లరీ. మెడకు కుడివైపు రెండు మూడు బిళ్ళలకు, అంటే లింఫ్ గ్రంథులకు కూడా పాకింది.

అప్పలసూరి చెయ్యి కుర్చీ చెయ్యిని వెతుక్కుంది. భవాని కళ్ళు తుడుచుకుంది. జగ్గమ్మ ముందుకు వంగింది.

"డాట్రమ్మా, ఇది సుట్ట వల్ల వచ్చినాదా?"

"ఈ క్యాన్సరా? కాదు. దీనికీ చుట్టకీ సంబంధం లేదు."

జగ్గమ్మ నెమ్మదిగా కోడలి వైపు తిరిగింది. క్యాన్సర్ ఉందని విన్న నిమిషంలో అంత వెలుగు ముఖంలో కనబడిన రోగి తనకు మళ్ళీ తగల్లేదని విశాలి తర్వాత చాలామందికి చెప్పింది.

"ఇన్నావా? ఇంకోపాలి సెప్పండి డాట్రమ్మా, దానికి సెముడు."

"చెబుతాను. ముందు మీరు నోరు తెరవండి."

టార్చి వేసి చూసింది. అంగుడి మీద తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రటి చుక్కలు. "ఇది మాత్రం చుట్టదే. ఇంకా క్యాన్సర్ కాలేదు. మానేస్తే తగ్గిపోయే అవకాశం ఉంది. మానకపోతే రెండో ఆపరేషన్‌కి కూడా నా దగ్గరికే వద్దురుగాని." కేసు గెలిచిన మనిషి కోర్టు మెట్ల మీద జారిపడ్డట్టయింది. భవాని ఏడుస్తూనే నవ్వేసింది.

తర్వాత విశాలి కాగితం మీద బొమ్మ గీసింది. గొంతు గొట్టానికి సీతాకోకచిలుకలా రెండు రెక్కలు పరుచుకుని కూర్చున్న గ్రంథి. గడ్డ చిన్నదై, ఒక రెక్కలోనే ఉంటే ఆ రెక్క తీస్తే సరిపోతుంది. జగ్గమ్మది బిళ్ళలకు పాకింది గనక రెండు రెక్కలూ తీయాలి, మధ్యలోవీ కుడివైపువీ బిళ్ళలు కూడా ఏరేయాలి. గ్రంథి చేసే పనిని ఆ తర్వాత ఒక మాత్ర చేస్తుంది, రోజూ పరగడుపున, జీవితాంతం.

"మాత్రేసుకుంటే మునపటి మనిసినే గదా?"

"అవును. ఒక జాగ్రత్త ఉంది. ఈ రెక్కల వెనకనుంచే మాట పలికించే నరాలు పోతాయి. వాటిని కదపకుండా గ్రంథిని ఊడదీయాలి. ఇంతకీ మీరేం పని చేస్తారమ్మా?"

"ఇంట్లోనే ఉంటారండీ" అని భవాని అందుకుంది. అత్తను ఇక పొలానికి పంపకూడదని మనసులో అప్పటికే తీర్మానించుకుంది. ఆసుపత్రి కాగితం మీద కూడా 'గృహిణి' అనే రాయించింది.

"ఇంట్లో నానుండేది కూడు తినడానికే" అంది జగ్గమ్మ. "నా పని కేకెయ్యడం."

"కేకంటే?"

"కేకే. ఉడుపుల మేస్త్రీని."

"ఎంత గట్టిగా వేస్తారు?"

అడగకూడని ప్రశ్న అది. జగ్గమ్మ లేచి నిలబడి, పైట నడుముకు దోపి, కిటికీ వైపు తిరిగి, "ఓలమ్మలాలా, లెగండే!" అంది. బల్ల మీద పెన్నుల గ్లాసు గలగలలాడింది. బయట వరండాలో కూర్చున్న రోగుల్లో సగం మంది నిజంగానే లేచి నిలబడ్డారు. సెక్యూరిటీ మనిషి కర్రతో పరుగెత్తుకొచ్చాడు. నర్సు తలుపు తోసి, "మేడమ్, ఏమైందండీ?" అంది.

విశాలి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. 'గృహిణి' అన్న మాట కొట్టేసి పైన ఏదో రాసింది.

"మంచిదమ్మా, చూపించారు. మాటకి ఒక నరం, హెచ్చు స్థాయిలో అరవడానికి ఇంకో నరం. ఆ రెండోది మరీ సన్నం, గ్రంథి పైకొసను రాసుకుంటూ పోతుంది. మామూలు మాటకి అది లేకపోయినా నడిచిపోతుంది. మీకు నడవదు. దాన్నీ వెతికి పక్కకి పెట్టాలి."

"పెడతారా?"

"ప్రయత్నిస్తాను. హామీ ఇవ్వను. నూటికి ఒకరిద్దరికి గొంతు తిరిగి రాదు. ఇంకొంతమందికి కొన్నాళ్ళు బొంగురుపోయి తర్వాత వస్తుంది."

"ఉడుపులయ్యాక సేయించుకుంటే?"

"ఈ రకం నెమ్మదిగా నడిచేదే. కానీ ఏడాదిన్నర మీరే దాచిపెట్టి గడువు వాడేసుకున్నారు. ఇప్పుడు చేస్తే ఉడుపులకి నాలుగు నెలల టైముంది. ఇంకోటి, ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందునుంచీ చుట్ట ఉండకూడదు. పొగ తగిలిన గొంతు తొందరగా కోలుకోదు."

జగ్గమ్మ చుట్ట మానింది ఆ రోజే. పాపభయంతో కాదు, గోడ మీది బొమ్మతో అసలే కాదు. కేకకు చుట్ట అడ్డమైతే ఏది ఉండాలో ఆమెకు ఆలోచించాల్సిన పనే లేదు. తవుడు డబ్బా తెచ్చి కోడలి ముందు బోర్లించింది. "నువ్వు గెలవలేదు. డాట్రమ్మ గెలిసినాది" అని మాత్రం స్పష్టంగా చెప్పింది.

మార్చి చివర ఆసుపత్రిలో చేరింది. ఆపరేషన్‌కి ముందు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి స్వరతంత్రులు ఎలా కదులుతున్నాయో చూశారు. తెర మీద తెల్లటి రెండు పట్టీలు తెరుచుకుంటూ మూసుకుంటూ కనబడ్డాయి. జగ్గమ్మ నమ్మలేదు.

"ఇవేనేటి? ఇంత సన్నటియా? నాను మోకులనుకున్నాను."

పక్క మంచం రాజకుమారిది. ఎచ్చెర్ల యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం. ఫాలిక్యులర్ రకమేమోనన్న అనుమానంతో ఆమెకు అప్పటికే ఒక రెక్క తీసేశారు, రిపోర్టు రావాలి. నెట్‌లో చదివి చదివి సగం చచ్చిపోయి ఉంది. జగ్గమ్మకు ఆ సాయంత్రం వేరే పని లేదు. థైరాయిడ్ క్యాన్సర్ నాలుగు రకాలని విశాలి పొద్దున రౌండ్లలో చెప్పినదాన్ని తనకు వీలైన భాషలోకి దించి ఆమెకు పాఠం మొదలుపెట్టింది.

"సూడమ్మా, ఆళ్ళు నలుగురు తోడికోడళ్ళు. నాకొచ్చినాది పెద్దది, పాపిల్లరీ. నూటికి ఎనబైమందికి ఇదే వస్తాదట. నింపాదైన మనిసి. కాకపోతే ఇరుగుపొరుగు ఇళ్ళకి తిరగడం అలవాటు. అదే, బిళ్ళలకి పాకడం. అక్కడికీ ఎల్లి పట్టుకొచ్చేస్తే మరి గొడవ లేదు. రెండోది నీ తోడికోడలు, పాలిక్యులరు. అది ఇంట్లో ఉన్నంతసేపూ మంచిదో సెడ్డదో తెల్దు. సూది పెడితే ఇంట్లో ఉన్నాదని తెలస్తాది గానీ గోడ దూకినాదో లేదో తెల్దు. ఇల్లు తీసి బయటెట్టి గోడంతా సూడాల. దూకలేదంటే అది క్యాన్సరే కాదు. దూకితే మాత్రం పక్కింటికెల్లదు, రత్తంలో పడి తిన్నగా దూరం పోద్ది, ఎముకల దాకా. అప్పుడు రెండో రెక్కా తీస్తారు. నీకు గోడ సూస్తన్నారు, అంతే."

"మరి మూడోది?" రాజకుమారి తలగడ సర్దుకుని కూర్చుంది.

"మెడుల్లరీ. అది కన్నారింటినించి కూడా తెచ్చుకోవచ్చు. కొందరికి వంశంలో ఉంటాదట. ఒకరికి కనబడితే ఇంట్లో పిల్లలందరికీ రత్తం పరీచ్చ సేస్తారు. ఉన్నాదని తేలితే గడ్డ రాకముందే గ్రంథి తీసేస్తారు."

"నాలుగోది?"

జగ్గమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "అది అగ్గిపుల్ల. ముసిలోళ్ళకొస్తాది. వారాల్లో పెరిగిపోద్ది, కత్తి పెట్టడానిక్కూడా సోటివ్వదు. దాని ఊసు మనకొద్దు."

మందులు తెచ్చి గుమ్మంలో నిలబడి వింటున్న భవాని అంది, "కోడళ్ళందరూ క్యాన్సర్లే. మరి అత్తలేటి?"

"అత్తలు మత్తు మందే, ఎర్రిదానా. ఆళ్ళు లేకపోతే మీరు కోతకి ఆగుతారేటి?"

నర్సు వచ్చి ఇద్దరినీ కసిరింది. మర్నాడు పొద్దున్న రాజకుమారి రిపోర్టు వచ్చింది. గోడ దూకలేదు. క్యాన్సర్ కాదు. ఆమె డిశ్చార్జి కాగితం పట్టుకుని జగ్గమ్మ స్ట్రెచర్ వెంట ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా నడిచింది.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. ఊపిరి గొట్టానికి అమర్చిన మిషను ఒకటి, డాక్టరు చేతి పరికరం నరాన్ని తాకినప్పుడల్లా టక్కుమని చప్పుడు చేస్తుంది. గ్రంథి వెనక పెసరగింజంత ఉండే నాలుగు చిన్న గ్రంథులు వేరే ఉంటాయి, ఒంట్లో కాల్షియం వాటి చేతిలో ఉంటుంది. వాటిలో మూడింటిని ఉన్నచోటే వదిలి, నాలుగోదాన్ని ముక్కలు చేసి మెడ కండలో నాటారు. "నాటారా? ఉడుపే గదా అది" అని జగ్గమ్మ తర్వాత ఎంతో సంతోషించింది. అవి రెండు మూడు వారాలు అలిగాయి. పెదాల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిర్లు వచ్చాయి. కాల్షియం మాత్రలు మింగింది, వాటి మీద రాగి అంబలి తాగింది. తిమ్మిర్లు తగ్గిన ఘనతంతా అంబలికే ఇచ్చుకుంది.

కేక మాత్రం లేదు. కేక మాట దేవుడెరుగు, మాటే లేదు. మత్తు దిగాక నోరు తెరిస్తే కొలిమితిత్తి గాలి వచ్చింది. విశాలి మళ్ళీ గొట్టం పంపి చూసింది. కుడివైపు పట్టీ బద్ధకంగా కదులుతోంది.

"నరం తెగలేదమ్మా. బిళ్ళలు దానికి అతుక్కుని ఉంటే విడదీశాను. కొంచెం సాగింది. అలిసిపోయింది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు."

"రెండో నరం?" జగ్గమ్మ పెదాలతో అడిగింది.

"కనబడింది. పక్కకి పెట్టాను. అది ఎలా ఉందో నా మిషను కంటే మీ పొలమే బాగా చెబుతుంది."

ఇంటికి రాగానే ఊరు తన పని తాను చేసింది. వార్డు మెంబరు బాబీ వీధి మొగలో ఫ్లెక్సీ కట్టించాడు: 'క్యాన్సర్ మహమ్మారిని జయించిన వీరవనిత జగ్గమ్మ గారికి ఘన స్వాగతం'. పక్కన బాబీ ఫొటో పెద్దది, ఆమెది చిన్నది. రోగాన్ని మనుషులు జయిస్తారని ఎవరు కనిపెట్టారో గానీ, జయించనివాళ్ళు చేతగానివాళ్ళని దాని అర్థం. మంచి సర్జన్ దొరకడం, వచ్చినది నలుగురిలో పెద్ద తోడికోడలు కావడం, ఇవే జగ్గమ్మ వీరత్వం. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఫ్లెక్సీ విప్పించి జీడిపిక్కలు ఎండబెట్టుకుంది. బాబీ ముఖం మీద పిక్కలు బాగా ఎండాయి.

గొంతు సాధన జీడితోటలో మొదలైంది. ఆసుపత్రిలో నేర్పిన పద్ధతి ప్రకారం రోజూ పొద్దున్న "ఆ..." అని సాగదీయాలి. ఎంత దూరం వినబడుతోందో తేల్చడానికి అప్పలసూరి కొలబద్ద అయ్యాడు. అతను చెట్ల మధ్య దూరంగా నిలబడాలి, వినబడితే తువ్వాలు ఎత్తాలి. మొదటి వారం మూడు చెట్ల దూరం. రెండో వారం ఐదు. మూడో వారం ఏకంగా పదిహేను చెట్లకు వెళ్ళిపోయింది. జగ్గమ్మకు అనుమానం వచ్చింది. "ఆ" అనడం మానేసి, తన చెవికే వినబడనంత చిన్నగా, "మావా, నీ అంత ఎదవని నాను సూళ్ళేదు" అంది.

పదిహేను చెట్ల అవతల అప్పలసూరి ఉత్సాహంగా తువ్వాలు ఊపాడు.

ఆమె చెట్లన్నీ దాటుకుని వెళ్ళేసరికి అతనికి సంగతి అర్థమైంది. "నీ మనసు కష్టపెట్టడం ఎందుకని..." అన్నాడు.

"నా మనసుకేటి కష్టం? అవద్దం కొలతతో నారేస్తే పంట పండుద్దేటి? మూడో సెట్టుకాడికి రా."

మళ్ళీ మూడో చెట్టు నుంచి మొదలు. జూన్‌లో అయోడిన్ మందుకు విశాఖపట్నం వెళ్ళొచ్చారు. థైరాయిడ్ కణం ఎక్కడున్నా అయోడిన్‌ను లాక్కుని మింగుతుంది గనక, కిరణాలున్న అయోడిన్ ఇస్తే మిగిలిపోయిన కణాలు దాన్ని మింగి చస్తాయి. కణాలకు బాగా ఆకలి పుట్టాలని అంతకు ముందు రెండు వారాలు అయోడిన్ ఉండే ప్యాకెట్ ఉప్పు, ఎండుచేప బంద్. క్యాన్సర్‌కి ఏడవని జగ్గమ్మ ఎండుచేపకి ఏడ్చింది. మందు తాగాక మూడు రోజులు ఒంటరి గది, ఆ పైన కొన్నాళ్ళు పసివాళ్ళకు దూరం. నాలుగేళ్ళ మనవరాలు యమున వాకిట్లో సుద్దతో గీత గీసి, "ఇది దాటకు, నువ్వు కిరణాలు" అని నాన్నమ్మను కట్టడి చేసింది.

జూలై వచ్చింది. వానలు పడ్డాయి, మడులు దమ్ము చేశారు. జగ్గమ్మ గొంతు మాటకు బాగానే వచ్చింది, కొంచెం బొంగురుతో. కేక దగ్గరికి వచ్చేసరికి పైకి ఎక్కి, మెట్టు తప్పి, గాలైపోతోంది. పదకొండు చెట్ల దగ్గర ఆగింది. మొగ నుంచి చివరి ఇంటి దాకా సాగే వీధికి పదకొండు చెట్లు చాలవు. మేస్త్రీగా ఈ ఏడు ఆమె ఉంటుందా లేదా అన్నది ఉడుపుల మొదటి వారంలో తేలిపోతుంది. ఇరవై ఏళ్ళుగా జట్టులో ఉన్న అసిరమ్మ మొహమాటం లేకుండా అంది, "గొంతు రాపోతే వరసలో వొంగి ఉడువు. గట్టు మీద మూగ మేస్త్రీ ఎందుకే?"

భవాని వాట్సాప్ గ్రూపు పెట్టింది. ఇరవై ఇద్దరిలో పద్నాలుగు మందికి ఫోన్లు కొడుకుల దగ్గరో మొగుళ్ళ దగ్గరో ఉన్నాయి. మొదటి రోజు ఏడుగురు వచ్చారు. రెండో రోజు జగ్గమ్మ వీధి మొగలో నిలబడి కేకేసింది. బొంగురుగా, తక్కువ స్థాయిలో ఏదో బయటికొచ్చింది. నాలుగో ఇంటి ముసలమ్మ తలుపు తీసి, "ఎవులు బాబూ, పాలోడా?" అంది. అసిరమ్మ పగలబడి నవ్వింది. జగ్గమ్మ కూడా నవ్వింది, కానీ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. అప్పలసూరి ఇల్లిల్లూ తిరిగి జట్టును పోగుచేశాడు.

మూడో రోజు ఇద్దరు తక్కువయ్యారు. పెద్ద మడి ఆ రోజే అయిపోవాలి, మర్నాటికి నీళ్ళు పక్క రైతుకు మళ్ళుతాయి. "నేనొస్తాను" అంది భవాని.

"నువ్వా? బీయస్సీలో ఉడుపులున్నాయేటి?"

"నువ్వు గట్టు మీదుండి చెప్పు, నేను చేస్తాను."

వచ్చింది. వరసలో అందరికంటే చివర, ఐదు మడుల అవతల, వాగులా పారే గెడ్డ ఒడ్డున నిలబడింది. చీర మోకాళ్ళ దాకా దోపి, నారు కట్ట ఎడమ చేతిలో పట్టుకుని, శ్రద్ధగా నాటుతోంది. శ్రద్ధకేం లోటు లేదు. ప్రతి మొక్కనూ బొటనవేలితో మణికట్టు దాకా బురదలోకి దిగ్గొడుతోంది. అంత లోతుకు దిగిన నారు పిలకలు వేయదు. పక్కనున్న అసిరమ్మ చూసింది, చెప్పలేదు. అత్తాకోడళ్ళ మధ్య మనకెందుకని.

గట్టు మీద నిలబడిన జగ్గమ్మ చూసింది. ఒక వరస అయిపోయింది. రెండో వరస మొదలైంది. చెయ్యి ఊపింది, భవాని తల ఎత్తలేదు. అప్పలసూరిని పంపుదామని చూస్తే అతను నారుమడి దగ్గరున్నాడు. ఇంకో పది మొక్కలు పాతాళానికి పోయాయి. గొంతు సంగతి, నరం సంగతి, చెట్ల లెక్క, అన్నీ ఆమె బుర్రలోంచి ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

"ఒసే భవానీ! నారు ఉడుస్తన్నావా, నుయ్యి తవ్వుతన్నావా? పైకెట్టవే, పైకెట్టు!"

వరస మొత్తం నడుములెత్తింది. ఇరవై ఒక్క జతల కళ్ళు గట్టు వైపు తిరిగాయి. పట్టాల మీద గూడ్సు పోతోంది, దాని చప్పుడు ఎవరికీ పట్టలేదు. ఆ కేక పాత కేక కాదు. కాస్త గరుకు, అడుగున కొంచెం బొంగురు. కానీ పైకొసకు ఎక్కింది, ఎక్కి నిలబడింది, విరగలేదు.

భవాని నిటారుగా లేచింది. మోచేతుల దాకా బురద. తిట్టు తిన్న మనిషిలా లేదు, పరీక్ష పాసైన మనిషిలా ఉంది.

"అత్తా! ఏటన్నావు? మళ్ళీ అను!"

"సెవిటిదానా! పైకెట్టమన్నాను!"

"వినబళ్ళేదు, ఇంకోసారి!"

జగ్గమ్మకు అప్పటికి అర్థమైంది. మెడ మీది కోత మచ్చను చేత్తో తడుముకుంది. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. అసిరమ్మ మాత్రం నవ్వకుండా వంగి తన మొక్కలు సరిచూసుకుంది, తర్వాతి తిట్టు ఎవరికో తెలుసు గనక.

గెడ్డ అవతలి పొలంలో వేరే ఊరి జట్టు ఉడుస్తోంది. అక్కడి ఆడవాళ్ళు కూడా పని ఆపేశారు. వాళ్ళలో ఒకామె ఒడ్డుకొచ్చి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఇటు అరిచింది:

"ఓలప్పా! ఆ తిట్టు మాక్కాదు గదా? మాం పైకే ఎడతన్నాం!"